యంత్రంలో సూర్యుడు

అమ్రోలి, సూరత్
14 మే 2006

చిరంజీవి ఉమాకాంత్‌ని ఆశీర్వదించి బావ గురుమూర్తి రాసేది.

నా షష్టిపూర్తికి నువ్వు రాలేదు, నీ యంత్రం వచ్చింది. రెండిట్లో ఏది నయమో ఇంకా తేలలేదు. మీ కాలేజీ ఆయన, పాపం, కాకినాడ నుంచి రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాట్ట. విప్పి చూస్తే గోడగడియారానికీ కాలిక్యులేటర్‌కీ పుట్టిన పిల్లలా ఉంది.

మేకు కొట్టి తగిలించాను. తెర మీద ఒక సూర్యుడు, ఒక మబ్బు, చినుకులు కారే మబ్బు, ఒక మంచు పువ్వు. అడుగున ఇంగ్లీషు అక్షరాలు పాక్కుంటూ పోతాయి. 'అక్కడక్కడ మబ్బులు, వేడిలో పెద్ద మార్పు ఉండదు' అని నిన్నటి జోస్యం. మే నెలలో సూరత్‌లో వేడి మారదని చెప్పడానికి అది నాలుగు సెల్లులు తింటోంది. ఆ ముక్క నేను ఒక కప్పు టీకి చెప్పేవాణ్ణి. ఆ మంచు పువ్వు ఎందుకో నువ్వే చెప్పాలి. ఈ ఊళ్ళో మంచు కావాలంటే బరఫ్ గోలా బండి దగ్గరికి పోవాలి.

మార్చిలో రిటైరయ్యేదాకా కిమ్‌లో స్టేషన్ మాస్టరుగా చేశాను కదా, ప్లాట్‌ఫారం మీద రోజూ ఎవడో ఒకడు 'వాన పడుతుందా సాబ్' అని అడిగేవాడు. తెలీదనేవాణ్ణి. తెలియంది తెలీదనడం మర్యాద. ఆ మర్యాద నీ యంత్రానికి ఎవరూ నేర్పలేదు.

మీ అక్క విశాలాక్షి దానికి బొట్టు పెట్టింది. ఆరుబయట తగిలించాల్సిన రెండో ముక్క ఒకటుంది చూడు, తీగ లేకుండానే లోపలి దానికి కబుర్లు మోసేది, దాన్ని బయట పెడితే ఎవడైనా పట్టుకుపోతాడని దేవుడి గూట్లో దీపం పక్కన పెట్టింది. ప్రస్తుతం బయట యాభై డిగ్రీలుందని యంత్రం గోల పెడుతోంది. ఆ బయట ఉన్నది మా ఆంజనేయస్వామి.

అమ్మాయి ప్రవల్లిక పురిటికి వచ్చే నెల వస్తోంది. మనది కింద అంతస్తు, పిల్లకి మెట్లెక్కే బాధ లేదని మీ అక్క సంబరం. నువ్వూ ఒకసారి రా. చేతులూపుకుంటూ రా, ఏమీ తేవద్దు.

నీ బావ
గురుమూర్తి

కాకినాడ
27 మే 2006

బావగారికి, అక్కకి నమస్కారాలు.

మీ ఉత్తరం ఇంట్లో పైకి చదివాను. మా పద్మారాణి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నేను నవ్వలేదు.

పెట్టెలో చిన్న పుస్తకం ఒకటి ఉంది. చదివారా? చదివుండరు. మీ ఇంట్లో అలాంటివి పోపులపెట్టె అడుక్కి వెళ్తాయి. మీ ఊరు సముద్రానికి ఎంత ఎత్తులో ఉందో ముందు దానికి చెప్పాలి. చెప్పకపోతే అది ఏ కొండ మీదో ఉన్నాననుకుంటుంది. లోపల గాలి ఒత్తిడి కొలిచే సాధనం ఉంది. ఒత్తిడి పడుతుంటే వాన, పెరుగుతుంటే తెరిపి. ఇది మంత్రం కాదు, నేను పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న ఫిజిక్సు. పదింట ఏడుసార్లు నిజమవుతుందని పుస్తకంలోనే రాసి ఉంది. 'గాడీ కొద్ది ఆలస్యంగా వస్తుంది' అని జీవితమంతా మైకులో చెప్పిన మీరు ఇంకొకరి జోస్యానికి వంకలు పెట్టడం ముచ్చటగా ఉంది.

ఒక్క ఉపకారం చెయ్యండి. రోజూ అది ఏం చెప్పిందో, ఏం జరిగిందో కేలెండరు మీద ఒక గీత గీయండి. మా విద్యార్థులకి చూపించుకుంటాను. మీకు బద్ధకమైతే అక్కకి అప్పజెప్పండి. ఆవిడకి నా మాట మీద గురి ఉంది. ఆ రెండో ముక్కని మాత్రం దయచేసి దేవుడి దగ్గర్నుంచి తీయించండి.

ఉమాకాంత్

అమ్రోలి
25 జూన్ 2006

ఒరేయ్ ప్రొఫెసరూ,

సముద్రమట్టం చెప్పాం. చెప్పినా దానికి బుద్ధి రాలేదు. మాగాయ సంగతి మీ అక్క ఫోన్లో నీకు చెప్పి ఉండదు, తమ్ముడి పరువు కదా. నేను చెబుతాను విను.

మంచి రాజాపురి మామిడికాయలు ఏరి తెచ్చింది. చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి ఊరేసింది. మూడోనాడు ఊట పిండి ముక్కలు ఎండబెట్టాలి. ఆ పొద్దున స్నానం చేసి యంత్రం ముందు నిలబడింది. సూర్యుడు. ముక్కలన్నీ మేడమీద నా పాత పంచె మీద పరిచి, ఇద్దరం కడోదరాలో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళాం. లడ్డూ చేతిలోకి వచ్చేసరికి ఉరుములు. తిరిగొచ్చి చూస్తే ముక్కలు పంచె మీద ఈదుతున్నాయి. నీ అక్క యంత్రాన్ని ఒక్క మాట అందా? అనలేదు. ఇంటిపట్టున ఉండి ముక్కలు తీయక లడ్డూకి ఎగబడ్డానని నన్నంది.

కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదే. అయితే నేను ఊరుకునే రకం కాదు. గీతలు గీయమన్నావు కదా, గీశాను. తప్పులకి కేలెండరులో చోటు చాలక ఆపేశాను. కాని ఆ గీతలు చూస్తుంటే ఒక సంగతి తట్టింది. ఇది ఎంత నిలకడగా తప్పుతుందంటే, తిరగేసుకుంటే బ్రహ్మాండంగా పనికొస్తుంది. అది సూర్యుణ్ణి చూపిస్తే నేను గొడుగు తీసుకెళ్తున్నాను. చినుకులు చూపిస్తే గొడుగు మూల పడేస్తున్నాను. ఈ పద్ధతి పెట్టుకున్నాక నేను తడవలేదు.

మూడో అంతస్తులో సోమలింగం, కొమురవ్వ ఉన్నారు. కరీంనగర్ వైపు పద్మశాలీలు, కడోదరాలో సాంచాలు, అవే మరమగ్గాలు, నడుపుతారు. కొమురవ్వ మెట్లు దిగుతూ రోజూ అడుగుతుంది, "ఏమంటున్నది సారూ మీ డబ్బ?" "ఎండట కొమురవ్వా." "అయితె బట్టలు లోపట్నే ఆరేస్త." పక్కింటి గుజరాతీ ఆవిడ కూడా 'మశీన్ శుం కహే ఛే' అని అడిగి, విన్నదానికి తలకిందులుగా చేస్తోంది. మొత్తానికి నీ ఫిజిక్సు మా బిల్డింగుకి ఉపయోగపడింది, సంతోషించు.

ప్రవల్లిక వచ్చింది. కాళ్ళు కొంచెం వాచాయి, నవ్వుతూనే ఉంది.

గురుమూర్తి

కాకినాడ
9 జూలై 2006

బావగారికి,

క్షేమం. మీరూ క్షేమమని వింటున్నాను.

నా బహుమతిని మీ మెట్లమీద వాళ్ళంతా నవ్వుకునే వస్తువు చేశారు. మంచిది. 'డబ్బా' అన్న మాట కొమురవ్వగారిదా, మీరు నేర్పిందా? అక్క నిన్న ఫోన్ చేసి 'యంత్రం బాగానే ఉందిరా, బావ సంగతి నీకు తెలుసుగా' అంది. ఆ గొంతు నాకు నచ్చలేదు. మీరు వెక్కిరిస్తున్నది ఒక ప్లాస్టిక్ పెట్టెనే అనుకుంటున్నారు. ఆవిడ అలా అనుకోవడం లేదు.

మీకు ఒక విషయం ఒప్పుకుంటాను, అదీ శాస్త్రం కాబట్టి. మన వేడి దేశాల్లో గాలి ఒత్తిడి రోజూ తనంతట తనే కొంత ఎక్కి దిగుతుంది. చలిదేశంలో తయారైన యంత్రం దాన్ని చూసి అప్పుడప్పుడు మోసపోతుంది. వానాకాలంలో మరీను. అప్పుడప్పుడు అన్నాను, ఎప్పుడూ అనలేదు. తిరగేసి చదవడం మాత్రం శాస్త్రం కాదు. అది బల్లిపాటు.

అక్కకి గట్టిగా చెప్పాను, బావ మాట వినకు, యంత్రం మాట విను అని. సరేరా అంది. ప్రవల్లికకి నా ఆశీస్సులు.

ఉమాకాంత్

అమ్రోలి
3 ఆగస్టు 2006

తాతగారు రాసేది.

మగపిల్లాడు. సోమవారం పుట్టాడు. తల్లీ బిడ్డా కులాసా. పిల్లాడి ముక్కు మీ వంశానిది, ఏం చేస్తాం. అల్లుడు వచ్చి చూసి పుణె వెళ్ళాడు, పదకొండో రోజు బారసాలకి వస్తాడు. నిన్న ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాం.

ఇల్లంతా పురుడు. వెనక గది పురిటిగది. మీ అక్క నీ యంత్రాన్ని హాల్లోంచి పీకి ఆ గదిలో తగిలించింది, పిల్లాడికి గదిలో చలెంతో తెలియాలట. వాడు కళ్ళు తెరిస్తే ఎదురుగా కనిపించేది అదే. పుట్టీ పుట్టగానే అబద్ధాలు చూపించడమెందుకే అంటే నా మీద లేచింది. నువ్వు ఫోన్లో ఏం నూరిపోశావో గాని, ఈ మధ్య ఆవిడకి నీ మాట వేదం, నా మాట రేడియో గరగర.

నీకోసం రాఖీ కొనిపెట్టింది. ఎర్ర పట్టుదారం. ఈ ఊరొచ్చాక పట్టుకున్న అలవాటు కదా, ఒక్క ఏడూ మానలేదు. ఈసారి పురుడు వచ్చిపడింది, పురిటి చేత్తో శుభవస్తువు పంపకూడదని బీరువాలో పెట్టింది. పండక్కి అందదు, అలగకు.

వానలు వదలడం లేదు. తాపీ నది నిండుగా పోతోంది, వంతెన మీద జనం స్కూటర్లు ఆపుకుని చూస్తున్నారు. పనిలేని జనం.

గురుమూర్తి

కాకినాడ
12 ఆగస్టు 2006

బావగారూ,

ఫోన్లు కలవడం లేదు. టీవీలో సూరత్ అంతా నీళ్ళే చూపిస్తున్నారు. అమ్రోలి పేరు ఒకసారి చెప్పారు, తర్వాత ఎంతసేపు చూసినా మళ్ళీ చెప్పలేదు. పద్మ దేవుడి దగ్గర కూచుంది. పోస్టు వెళ్తుందో లేదో తెలీదు, మా వీధి కుర్రాడి మేనమామ లారీలో సూరత్ వైపు వస్తున్నాడంటే అతని చేతికిస్తున్నాను. మీరంతా ఎక్కడున్నారు? పిల్లాడు ఎలా ఉన్నాడు?

ఆదివారం నాడు అక్క నాకు ఫోన్ చేసింది. మీకు చెప్పిందో లేదో. నది పెరుగుతోందని అందరూ అంటున్నారు, పిల్లని తీసుకుని పైకి వెళ్ళమంటావా అని అడిగింది. యంత్రం ఏమంటోంది అన్నాను. సూర్యుడంది. అయితే కదలకు, పచ్చి బాలింతని మెట్లెక్కించకు అన్నాను. ఫోన్ పెట్టేసి భోజనానికి కూచున్నాను.

సోమవారం కూడా అది సూర్యుణ్ణే చూపించిందా? అడుగున ఏం రాసింది? మాట మాటా రాయండి బావగారూ. నాకది తెలియాలి.

ఉమాకాంత్

అమ్రోలి
21 ఆగస్టు 2006

చిరంజీవి ఉమాకాంత్‌కి,

అందరం బతికే ఉన్నాం. ముందు ఆ ముక్క చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది చదువు.

సోమవారం వాన తెరిపిచ్చింది. పల్లపు ఇళ్ళవాళ్ళు జాగ్రత్త అని ఒకడు ఆటోలో మైకు పెట్టుకుని అరుస్తూ పోయాడు. ఏటా అరుస్తాడు. ఎవరూ కదల్లేదు, నేనూ కదల్లేదు. పురిటిగది గుమ్మంలో నిలబడి నీ యంత్రం వంక చూశాను. సూర్యుడు. పక్కన మబ్బు తునక కూడా లేదు. 'వాతావరణం నిలకడగా, ప్రసన్నంగా ఉంటుంది' అని అక్షరాలు పాక్కుంటూ పోతున్నాయి. వానాకాలం మొదలయ్యాక అది అంత ధీమాగా ఎన్నడూ అనలేదు. ఇది ఇంత గట్టిగా ఎండ అంటోందంటే మనకి మూడిందే అనుకున్నాను.

నదిని తలుచుకుని భయపడ్డానని పొగడకు. నది నా బుర్రలోనే లేదు. మిన్ను విరిగి మీద పడేంత వాన వస్తుందనుకున్నాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, బియ్యం డబ్బా ఒక చేత్తో, పిల్లాడి బొంతలు ఒక చేత్తో పట్టుకుని పదండి పైకి అన్నాను. మీ అక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. తమ్ముడు కదలొద్దన్నాడు, యంత్రంలో ఎండ ఉంది, బయటా ఎండ ఉంది, పదకొండో రోజు రాకుండా పురుడు పట్టుకుని పరాయివాళ్ళింట్లో అడుగు పెట్టడమేమిటి అంది. ముగ్గురు సాక్షులు ఆవిడ పక్క, నా పక్క నా మూర్ఖత్వం ఒక్కటే. ప్రవల్లిక లేచి, "మీరిద్దరూ తేల్చుకుని రండి" అని పిల్లాణ్ణి గుండెకి అదుముకుని తనే మెట్లెక్కింది. ఆగి ఆగి ఎక్కింది. వెనక మీ అక్క తిట్టుకుంటూ.

కొమురవ్వ తలుపు తీసి నన్ను కిందికీ పైకీ చూసింది. "ఏంది సారూ, గింత ఎండల సామానంత మోసుకొస్తున్నరు?"

"డబ్బా ఎండ అంటోంది కొమురవ్వా."

"అట్లనా. జర పైలంగ రాండ్రి మరి."

మీ అక్క గడప బయటే నిలబడి పురుడు సంగతి చెప్పింది. "పుర్డుంటె ఏందక్కా, మా ఇంట్ల పిల్లలు పుట్టలేదా" అని కొమురవ్వ పిల్లాణ్ణి చేతుల్లోకి తీసుకుంది.

చీకటి పడ్డాక వీధిలోకి నీళ్ళొచ్చాయి. తెల్లారి మెట్ల మీంచి చూస్తే మా ఇంటి కిటికీలు కనపడలేదు. ఎగువ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళట. నెత్తిమీద చుక్క వాన లేదు. ఎండ పెళ్ళున కాస్తోంది, కింద మన ఇంట్లో నది పారుతోంది. నీళ్ళు తీసేదాకా వాళ్ళింట్లోనే ఉన్నాం. వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టని మీ మడి అక్క పచ్చిపులుసు రెండోసారి వేయించుకుంది. పిల్లాడికి రోజూ కొమురవ్వే నీళ్ళు పోసింది. బారసాల జరగలేదు, వాడికింకా పేరు లేదు.

ఇక నీ ప్రశ్న. నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. ఆదివారం ఫోన్ సంగతి దాకా ఊరుకుంది. చివర్న యంత్రం ఏం రాసిందో మాట మాటా రాయమన్నావే, అక్కడికొచ్చేసరికి లేచిపోయింది. "బతికామో చచ్చామో తెలీదు, వాడికి లెక్క కావాలి" అంది. అప్పట్నుంచి నీ పేరు ఎత్తడం లేదు. ఫోన్ బాగయ్యాక నువ్వు చేసినా తీయదు.

అడిగావు కనక రాస్తున్నాను. అది చెప్పింది అక్షరాలా నిజం. మూడు నెలల్లో మొదటిసారి పూర్తిగా నిజం చెప్పింది. వాన పడలేదు, గాలి వీయలేదు, వాతావరణం ప్రసన్నంగా ఉంది. ఆ నిజాన్ని నమ్ముకుని ఉంటే పురిటిగదిలోనే పోయేవాళ్ళం. మాగాయతో మొదలుపెట్టి దాని అబద్ధాలన్నీ మీ అక్క క్షమించింది, ఈ ఒక్క నిజాన్నే క్షమించలేకపోతోంది. బురదలోంచి తీసి వీధిలో చెత్తగుట్ట మీద విసిరేసింది. నేను వెళ్ళి తెచ్చుకున్నాను. పనిచేయదు. దాని తప్పేముందని మీ అక్కతో పోట్లాడాను కూడా. మనం ఆకాశం గురించి అడిగాం, అది ఆకాశం గురించి చెప్పింది, నది గురించి అడగని గాడిదలం మనమే కదా అన్నాను. నేను దాని తరఫున వాదించే రోజు వస్తుందని ఏ యంత్రం చెప్పగలిగేది?

గురుమూర్తి

కాకినాడ
1 సెప్టెంబరు 2006

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. పద్మ చదివి వినిపించింది, నేను చదవలేకపోయాను.

పిల్లాడు రాత్రిళ్ళు పడుకుంటున్నాడా? ప్రవల్లికకి పాలు సరిపోతున్నాయా? మెట్లెక్కినందుకు కుట్లకేమీ కాలేదు కదా, డాక్టరుకి చూపించారా? బురద నీళ్ళ తర్వాత జ్వరాలు వస్తాయంటున్నారు, కాచి చల్లార్చిన నీళ్ళే తాగండి. పిల్లాడి బట్టలన్నీ పోయి ఉంటాయి. పద్మ పాత నూలు చీరలు చింపి పొత్తిగుడ్డలు కుడుతోంది. వాడి ముక్కు నిజంగా మాదేనా?

అక్క మందులు వేసుకుంటోందా? నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, మందులు మానొద్దనండి.

ఉమాకాంత్

అమ్రోలి
12 సెప్టెంబరు 2006

ఒరేయ్ ఉమాకాంత్,

గోడలకి సున్నం వేయించాం. కిటికీల పైదాకా బురద చార, ఎన్ని పూతలు వేసినా పైకి తేలుతోంది. పిల్లాడు పగలు పడుకుని రాత్రి ఏడుస్తున్నాడు, మీ వంశమే. కుట్లు బాగున్నాయి. మందులు వేసుకుంటోంది.

నీ ఉత్తరం మీ అక్క నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకుంది. చదివి మళ్ళీ మొదటికొచ్చింది. "వీడు ఈసారి దాని సంగతి అడగలేదు" అంది. వాడు అప్పుడడిగింది కూడా దాని గురించి కాదే, తన గురించి అన్నాను. మనల్ని ముంచింది తన మాటేనేమోనని చచ్చిపోతూ అడిగాడు వెధవ, అన్నాను. "నాకు తెలీదా" అని వంటింట్లోకి పోయింది. తెలిస్తే నెలరోజులు నా ప్రాణం ఎందుకు తీసినట్టు? మీ ఇంటివాళ్ళని అర్థం చేసుకునే యంత్రం ఎవడైనా కనిపెడితే అది పంపు, బొట్టు నేనే పెడతాను.

ఆదివారం బారసాల పెట్టుకుందామనుకున్నాం, మీరిద్దరూ వచ్చే రైలు చూసుకుని ముహూర్తం పెట్టిద్దామని మీ అక్క వాయిదా వేయించింది. కొమురవ్వ ఉయ్యాల ఇస్తానంది. నీ డబ్బా నా బల్ల మీద ఉంది. లోపల ఇంకా బురద, తెర మీద ఏమీ లేదు. ఇప్పుడు దాంతో నాకేం పేచీ లేదు.

ఈ కవర్లో ఒక దారం ముక్క ఉంది. అదేమిటని నన్నడక్కు. బీరువా అడుగున బురదలో దొరికితే ఉతికి ఉతికి ఎండేసింది, ఎరుపు కాస్తా పోయి ఇటుకరంగుకొచ్చింది. ముడి మాత్రం పడుతుంది, నేను కట్టి చూశాను. అది కట్టుకుని రైలెక్కమంది.

ఇక్కడ వారం రోజులుగా ఎండ బాగా కాస్తోంది. గొడుగు తెచ్చుకో.

నీ బావ
గురుమూర్తి